మూడు గంటల జెండా

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమైంది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగుచేయాలని, కాంగ్రెస్‌లో కోటిమందిని చేర్చాలని, దేశంలో 20 లక్షల రాట్నాలు తిరగాలని అక్కడే తీర్మానించారు. ఆ సందడిలోనే గాంధీజీ బందరు జాతీయ కళాశాల ఉపాధ్యాయుడు పింగళి వెంకయ్య గారితో, ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నం ఉండేలా ఒక జెండా తయారుచేసి ఇమ్మన్నారు. వెంకయ్య గారు మూడు గంటల్లో ఇచ్చారు. ఈ లెక్క గాంధీజీయే ఆ ఏప్రిల్ 13న తన ‘యంగ్ ఇండియా’ పత్రికలో రాశారు. ఇప్పుడు బాపు మ్యూజియం అని పిలుస్తున్న, బందరు రోడ్డులోని విక్టోరియా జూబిలీ మ్యూజియంలోనే ఆ జెండా చేతులు మారిందని బెజవాడ చెప్పుకుంటుంది.

ఈ మూడు గంటల సంగతిని మనం ఎక్కువగా ఒక అద్భుతంలా చెప్పుకుంటాం. దాన్ని ఒక పనిగా చూస్తే వెంకయ్య గారి మీద గౌరవం ఇంకా పెరుగుతుంది. మూడు గంటలన్నది చేతికి పట్టిన సమయం. ఆ చేయి సిద్ధం కావడానికి పట్టిన కాలం ఇరవై ఏళ్ల పైమాటే. సిపాయిగా, రైల్వే గార్డుగా, పత్తి సాగు చేసిన మనిషిగా, పంతులుగా ఆయన నేర్చుకున్నవన్నీ ఒక గుడ్డముక్క దగ్గర కలిశాయి. ఏ విద్య ఎక్కడ పనికొచ్చిందో విడివిడిగా చూడాలని ఈ వ్యాసం.

వెంకయ్య గారు 1876 ఆగస్టు 2న కృష్ణా జిల్లాలో, కూచిపూడికి దగ్గర్లోని భట్లపెనుమర్రులో పుట్టారు. చల్లపల్లిలో, బందరు హిందూ హైస్కూల్లో చదువుకున్నారు. పడుచు వయసులోనే సైన్యంలో చేరి, బోయర్ యుద్ధకాలంలో దక్షిణాఫ్రికా వెళ్లారు. గాంధీజీతో పరిచయం అక్కడే కలిగింది. తిరిగొచ్చాక ప్లేగు ఇన్‌స్పెక్టరుగా కొన్నాళ్లు, రైల్వే గార్డుగా కొన్నాళ్లు పనిచేశారు. లాహోరు వెళ్లి ఆంగ్లో వేదిక్ కళాశాలలో జపాన్ భాష, ఉర్దూ నేర్చుకున్నారు. మునగాల పరగణా నడిగూడెంలో ఉండి పత్తి మీద ప్రయోగాలు చేశారు. ఆ తరువాత బందరు జాతీయ కళాశాలలో పంతులుగా కుదురుకున్నారు.

ఈ వరసలో రెండు ఉద్యోగాల దగ్గర కాస్త ఆగాలి. సైన్యంలో జెండా పుట్టింది అలంకారం కోసం కాదు. దుమ్ములో, పొగలో, అరుపుల మధ్య తన దళం ఎక్కడుందో ఒకప్పుడు సిపాయికి చెప్పాల్సింది అదే. అర్ధ మైలు దూరం నుంచి చూసినా పోల్చుకోగలగాలి. గాలి లేక వేలాడుతున్నా తెలియాలి. వెనకవైపు నుంచి చూసినా తికమక పడకూడదు. పొద్దున్నే దానికి వందనం చేసేవాడికి దాని విలువ గుండెలో తెలుస్తుంది, యుద్ధభూమిలో దాన్ని వెతుక్కున్నవాడికి దాని ఉపయోగం కంటికి తెలుస్తుంది. బ్రిటిష్ పతాకానికి సైనికులు వందనం చేస్తుంటే, మన దేశానికంటూ ఒక జెండా ఉండాలన్న పట్టుదల వెంకయ్య గారిలో మొదలైంది సైన్యంలోనే.

ఇక గార్డు ఉద్యోగం. రైలు చివరి పెట్టెలో నిలబడే గార్డు చేతిలో ఉండేవి రెండు జెండాలు, ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ. డ్రైవరు ఉండేది బండికి ఆ కొసన. మధ్యలో పెట్టెలన్నీ ఉంటాయి, వాటికి తోడు ఆవిరి ఇంజను పొగ. అంత దూరానికి ఏ రంగు ఎలా కనిపిస్తుందో, సాయంత్రపు వెలుగులో ఎరుపు ఎంత నల్లబడుతుందో గార్డుకు రోజూ అనుభవమే. 1921లో ఆ రెండు రంగులూ జాతీయ జెండాలోకి వచ్చింది గాంధీజీ చెప్పిన అర్థంతోనే: ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లిములకు. కానీ ఆ మాట విన్న మనిషి ఆ రంగు గుడ్డలను పట్టుకుని బతుకు తెరువు చూసుకున్నవాడు.

1916లో వెంకయ్య గారు భారతదేశానికి జాతీయ పతాకం ఎలా ఉండాలన్న విషయం మీద ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకం అచ్చు వేశారు. అందులో వేరే దేశాల జెండాల వివరాలున్నాయి, మన జెండా కోసం ముప్పై నమూనాలున్నాయి. ముప్పై అన్న సంఖ్యను తేలిగ్గా దాటిపోకూడదు. మొదటి నాలుగైదు నమూనాలు ఎవరికైనా తట్టేవే. పదోది దాటాక మనసులో ముందే ఉన్న బొమ్మలు అయిపోతాయి. ఆ తరువాత గీసే ప్రతిదానికీ ఒక ప్రశ్న వేసుకుని దానికి జవాబు గీయాల్సిందే. గీతలు అడ్డంగా ఉంటే ఏమవుతుంది, నిలువుగా ఉంటే ఏమవుతుంది, గుర్తు మధ్యలో ఉండాలా మూలన ఉండాలా, ఒకే గుర్తా అనేకమా. ముప్పై నమూనాలంటే ముప్పై సార్లు ఈ విచారం చేసి, ఏది ఎందుకు నిలబడదో తెలుసుకోవడం.  ఈ పుస్తకం మాట కూడా గాంధీజీ తన వ్యాసంలో గౌరవంగా రాశారు.

ఆయన పనిచేసిన చోటు కూడా ఇందుకు తోడ్పడింది. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య గార్లు కలిసి నిలబెట్టిన బందరు జాతీయ కళాశాల, చదువుతో పాటు చేతిపని నేర్పాలన్న సంకల్పంతో నడిచింది. వెంకయ్య గారు అక్కడ వ్యవసాయం బోధించేవారు. అదే కళాశాలలో చిత్రలేఖనం నేర్పే ఈరంకి వెంకటశాస్త్రి గారు ఆ మూడు గంటల పనిలో ఆయనకు సాయపడ్డారు. ఒకరికి ఏం గీయాలో తెలుసు, ఇంకొకరికి ఎలా గీయాలో తెలుసు. మంచి పని చాలావరకు ఇలాంటి జంటల చేతుల్లోనే పుడుతుంది. వెంకటశాస్త్రి గారి పేరు కూడా ఆ జెండాతో పాటే తలుచుకోవాలి.

ఇప్పుడు జెండాలో భాగాలు ఒక్కొక్కటిగా చూద్దాం. మొదట గుడ్డ.

ఈ జెండా చేత్తో వడికిన నూలుతో, చేత్తో నేసిన ఖద్దరుతో ఉండాలన్నది గాంధీజీ పెట్టిన షరతు. పత్తి పైరు తెలిసిన వెంకయ్య గారికి ఈ షరతు లోతు బాగా తెలుసు. ఆయన కంబోడియా పత్తి రకాన్ని సాగుచేసి పరిశీలించిన మనిషి. అందుకే ఆయనకు ‘పత్తి వెంకయ్య’ అన్న పేరొచ్చింది. పత్తిలో రకానికీ రకానికీ ఉండే ముఖ్యమైన తేడా పింజ పొడవు. పింజ పొట్టిదైతే దారం నిలవడానికి ఎక్కువ పోచలు కావాలి, కాబట్టి దారం లావవుతుంది. పింజ పొడవైతే కొద్ది పోచలే ఒకదానికొకటి ఎక్కువ మేర పెనవేసుకుంటాయి, దారం సన్నగా వచ్చినా తెగదు. సన్నని దారంతో నేసిన గుడ్డ తేలిక. తేలికైన గుడ్డే చిన్న గాలికి కూడా ఎగురుతుంది. జెండా రెపరెపలాడటం అనే విషయం చేలో విత్తనం ఎంచుకునే దగ్గరే మొదలవుతుంది.

పత్తి నుంచి గింజ తీసి, దూదిని ఏకి, ఏకులు చుడతారు. ఏకును ఎడమచేత్తో కదురు మొనకు ఏటవాలుగా పట్టి, కుడిచేత్తో రాట్నం తిప్పుతారు. పెద్ద చక్రం ఒక చుట్టు తిరిగేసరికి, దానికి దారంతో కలిపిన సన్నని కదురు ఎన్నో చుట్లు తిరుగుతుంది. ఏకు ఏటవాలుగా ఉన్నంతసేపూ పోగు కదురు మొన మీద నుంచి జారిపోతూ, చుట్టుకు ఒక పురి ఎక్కించుకుంటుంది. చేయి చాచినంత మేర పోగు వచ్చాక, చక్రాన్ని కాస్త వెనక్కి తిప్పి, పోగును కదురుకు అడ్డంగా పడితే అది కదురు మీద చుట్టుకుంటుంది. పురి ఎక్కడం, చుట్టుకోవడం అన్న రెండు వేర్వేరు పనులను ఒకే కదురు చేస్తోంది. తేడా అంతా పోగు పట్టుకున్న కోణంలో ఉంది. చేతి వేళ్ల ఒడుపు ఒక యంత్రభాగంలా పనిచేసే పరికరం ఇది.

ఆ నూలుకు గంజి పెట్టి, పడుగు సాగదీసి, మగ్గానికి ఎక్కించి, నాడెతో పేక నడిపితే ఖద్దరు తయారవుతుంది. చేనూలు ఎక్కడా పూర్తిగా ఒకే మందాన ఉండదు. ఒక చోట వెంట్రుకవాసి లావు, ఒక చోట సన్నం. ఈ తేడా వల్లే ఖద్దరుకు ఒక గరుకుదనం, గాలి ఆడే గుణం ఉంటాయి. జెండాగా కట్టినప్పుడు గాలి కొంత గుడ్డలోంచి దూరిపోతుంది కాబట్టి కుట్ల మీద లాగుడు కొంత తగ్గుతుంది.

ఇక రంగులు, వాటి అమరిక. గాంధీజీ అడిగినది ఎరుపు, ఆకుపచ్చ. వెంకయ్య గారు ఇచ్చిన జెండా ఆ సమావేశంలో పెట్టడానికి కొంచెం ఆలస్యమైంది. అదీ మంచికే జరిగిందని గాంధీజీ తరువాత రాశారు, ఎందుకంటే ఈలోగా ఆయనకు ఇంకో ఆలోచన వచ్చింది. మిగతా మతాలవారికీ చోటుండాలి కాబట్టి తెలుపు చేర్చమన్నారు. అలా పైన తెలుపు, మధ్యలో ఆకుపచ్చ, కింద ఎరుపు వచ్చాయి. సంఖ్యలో తక్కువ ఉన్నవారికి పైచోటు, ఎక్కువ ఉన్నవారు కింద ఉండి కాపుకాయాలన్నది అందులోని భావం. ముగ్గురూ సమానమే కాబట్టి మూడు పట్టీలూ ఒకే వెడల్పు. వాటి మీదుగా, మూడు రంగులనూ కలుపుతూ, పెద్ద రాట్నం. జలంధర్‌కు చెందిన లాలా హన్స్‌రాజ్ గారు జెండా మీద రాట్నం ఉండాలని సూచించారు.

పట్టీలు అడ్డంగా ఉండటంలో మంచి పనితనముంది. నిలువు పట్టీల జెండాను వెనకనుంచి చూస్తే ఎడమది కుడికి, కుడిది ఎడమకు మారిపోతుంది. అడ్డపట్టీల జెండా ఏ పక్కనుంచి చూసినా పైది పైనే, కిందది కిందే. గాలి లేనప్పుడు కూడా ఇదే మేలు. నిలువు పట్టీల జెండా కొయ్యను అంటుకుని వేలాడితే కొయ్య పక్కనున్న రంగే ఎక్కువ కనబడుతుంది. అడ్డపట్టీల జెండా ముడుచుకున్నా మూడు రంగులూ ఎంతో కొంత బయటికి కనిపిస్తాయి.

అయితే 1921 అమరికలో ఒక ఇబ్బంది ఉంది. ఆకుపచ్చ, ఎరుపు పక్కపక్కనే ఉన్నాయి. రెండూ ముదురు రంగులే. దగ్గరగా చూస్తే తేడా స్పష్టం. దూరం పెరిగేకొద్దీ, వెలుగు తగ్గేకొద్దీ, రెండింటి సరిహద్దు చెదిరి ఒకే ముదురు పట్టీలా కనబడే అవకాశముంది. 

ఈ ఇబ్బంది 1931లో తీరింది. ఆ ఏడాది కాంగ్రెస్ ఏడుగురితో జెండా కమిటీ వేసింది. దానికి కన్వీనరు మన బందరు పట్టాభి సీతారామయ్య గారే. కమిటీ మొత్తం కాషాయరంగు జెండాను సిఫారసు చేసింది. కానీ ఆగస్టులో బొంబాయిలో కూడిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ మూడు అడ్డపట్టీల రూపాన్నే నిలుపుకుంది. ఎరుపు బదులు కాషాయం వచ్చి పైకి చేరింది, తెలుపు మధ్యకొచ్చింది, ఆకుపచ్చ కిందికి వెళ్లింది. రంగులకు మతాల అర్థం లేదని కూడా తీర్మానంలో చెప్పారు. రాట్నాన్ని చిన్నది చేసి నీలిరంగులో తెల్లపట్టీ మీదికి చేర్చారు. ఒక్క తెలుపు మధ్యకు రావడంతో రెండు పనులు జరిగాయి. రెండు ముదురు రంగుల మధ్య వెలుగు గీత పడి, దూరానికి కూడా మూడూ విడివిడిగా తెలుస్తున్నాయి. గుర్తుకు తెల్లని నేపథ్యం దొరికి, దాని ఆకారం స్పష్టంగా నిలుస్తోంది. ఇందుకోసం పట్టీల సంఖ్య మార్చలేదు, వెడల్పు మార్చలేదు. వెంకయ్య గారు కట్టిన చట్రం ఎంత గట్టిదో ఈ మార్పే చెబుతుంది.

మూడో మార్పు 1947 జూలై 22న, రాజ్యాంగ సభలో వచ్చింది. రాట్నం స్థానంలో సారనాథ్ అశోక స్తంభం మీది చక్రం చేరింది. దీనికి నెహ్రూ చెప్పిన కారణాల్లో ఒకటి అచ్చంగా పనివాడి కారణం. రాట్నానికి ఒక పక్క చక్రం, ఇంకో పక్క కదురు ఉంటాయి. జెండాను ఒకవైపు నుంచి చూస్తే కదురు ఒక పక్కన, రెండోవైపు నుంచి చూస్తే మరో పక్కన కనిపిస్తుంది. జెండా రెండు ముఖాలూ ఒకేలా ఉండాలన్న నియమానికి ఇది అడ్డం. చక్రానికి కుడిఎడమలు లేవు. కదురు, దారం వదిలి చక్రాన్ని మాత్రం ఉంచుకుంటే రాట్నం జ్ఞాపకం మిగులుతుంది, లోపం పోతుంది. పట్టీలు అడ్డంగా ఉండటం వల్ల రంగులకు ముందే ఉన్న గుణం ఇప్పుడు గుర్తుకూ వచ్చింది. జెండా మొత్తం ఒకే సూత్రానికి కట్టుబడింది.

ఆ చక్రాన్ని కాసేపు దగ్గరగా చూడాలి. ఇరవై నాలుగు ఆకులు. ఎడ్లబండి చక్రానికి ఉన్నట్టే మధ్యలో కుండ, చుట్టూ అంచు, వాటిని కలుపుతూ ఆకులు. ఒక్కో ఆకు కుండ దగ్గర సన్నగా మొదలై, కొంచెం వెడల్పై, అంచు చేరేసరికి మళ్లీ మొనదేలుతుంది. ఆకుకూ ఆకుకూ మధ్య, అంచు లోపలివైపున ఒక చిన్న బొడిపె ఉంటుంది. అవీ ఇరవై నాలుగే.

ఇరవై నాలుగు భాగాలు సమానంగా రావడానికి కోణమానిని అక్కర్లేదు. వృత్తలేఖినితో ఒక వృత్తం గీయండి. కాళ్లు కదపకుండా అదే ఎడంతో అంచు మీద ఒక చోట మొదలుపెట్టి గుర్తులు పెట్టుకుంటూ పొండి. సరిగ్గా ఆరు అడుగులకు మొదలుపెట్టిన చోటికే వస్తారు. వ్యాసార్ధానికీ వృత్తానికీ ఉన్న సంబంధం అది. కేంద్రం నుంచి ఆ గుర్తులకు గీతలు గీస్తే ఒక్కోటి 60 డిగ్రీల ఎడం. ప్రతి ఎడాన్నీ సగం చేస్తే పన్నెండు భాగాలు, 30 డిగ్రీలు. మళ్లీ సగం చేస్తే ఇరవై నాలుగు, 15 డిగ్రీలు. ఇంకొక్కసారి సగం చేస్తే బొడిపెలు ఎక్కడ రావాలో తెలుస్తుంది. రెండు వేల ఏళ్ల కిందటి శిల్పంలోని చక్రాన్ని బడిపిల్లవాడు ఒక వృత్తలేఖిని, ఒక స్కేలుతో కాగితం మీద తప్పు లేకుండా దించగలడు.

కాగితం మీద సులువైనది గుడ్డ మీద కష్టం. స్వాతంత్ర్యం తరువాత భారత ప్రమాణాలను రాయడం మొదలుపెట్టినప్పుడు, ఐఎస్ 1 అన్న మొదటి సంఖ్యను జాతీయ జెండాకే ఇచ్చారు. అది 1951లో వచ్చింది, మెట్రిక్ కొలతలతో 1964లో, మళ్లీ 1968లో సవరించారు. పొడవు, వెడల్పు ఎప్పుడూ 3:2 నిష్పత్తిలో ఉండాలి. మొత్తం తొమ్మిది పరిమాణాలు. అన్నిటికంటే పెద్దది 6300 మిల్లీమీటర్ల పొడవు, 4200 మిల్లీమీటర్ల వెడల్పు. దాని చక్రం వ్యాసం 1295 మిల్లీమీటర్లు. అన్నిటికంటే చిన్నది 150, 100. దాని చక్రం 25 మిల్లీమీటర్లే.

ఈ అంకెల్లోంచి పనివాడి కష్టం లెక్క కట్టవచ్చు. పెద్ద జెండా చక్రంలో అంచు దగ్గర ఆకుకూ ఆకుకూ మధ్య దాదాపు 17 సెంటీమీటర్ల దూరం ఉంటుంది. చిన్నదానిలో అదే దూరం 3 మిల్లీమీటర్ల చిల్లర. నేత దారపు పోగులే కంటికి కనబడే గుడ్డ మీద, ఆ 3 మిల్లీమీటర్లలో ఆకు, ఖాళీ, బొడిపె అన్నీ పట్టాలి. మధ్యరకమైన 1800, 1200 జెండా తీసుకుంటే, ఒక్కో పట్టీ 400 మిల్లీమీటర్లు, చక్రం 370. అంటే పైన 15, కింద 15 మిల్లీమీటర్లే తెలుపు మిగులుతుంది. చక్రం వేలి మందం పైకో కిందికో జరిగినా కాషాయానికో ఆకుపచ్చకో తగిలేలా కనిపిస్తుంది.

చక్రాన్ని రెండు ముఖాలా కనిపించేలా అచ్చు వేయాలి, లేదా కుట్టాలి. ఇక్కడే అసలు పరీక్ష. ఖద్దరులోంచి వెలుతురు కొంత దూరుతుంది. ఎండకు ఎదురుగా జెండాను చూస్తే రెండు వైపుల అచ్చులూ ఒకేసారి తెలుస్తాయి. అవి పోగుకు పోగు కలవకపోతే ఒక చక్రం వెనక ఇంకో చక్రం నీడలా కనబడుతుంది. ఇరవై నాలుగు ఆకులూ రెండో వైపు ఇరవై నాలుగు ఆకుల మీదే కూర్చోవాలి. హుబ్బళ్లి దగ్గర బెంగేరిలో ఉన్న కర్ణాటక ఖాదీ గ్రామోద్యోగ సంయుక్త సంఘంలో ఈ పని చేసేవాళ్లు ఎక్కువమంది ఆడవాళ్లే. మనం వేదిక మీద చూసే ఎన్నో ఖద్దరు జెండాలు వాళ్ల చేతి మీదుగా వచ్చినవే.

మూడు పట్టీలను వేరువేరుగా అద్దకం చేసి, తెల్లదాన్ని చలువ చేసి, తరువాత కలిపి కుడతారు. పైదారం, కిందిదారం గుడ్డ మధ్యలో ఒకదాన్నొకటి పట్టుకునే లాక్ కుట్టు వాడతారు. ఒకే దారంతో గొలుసులా వేసే కుట్టయితే ఒక చోట తెగినా వరసంతా ఊడిపోతుంది. లాక్ కుట్టులో తెగిన చోటే తెగుతుంది, పక్క కుట్లు నిలబడతాయి. రోజంతా గాలిలో కొట్టుకునే గుడ్డకు ఈ తేడా ప్రాణం లాంటిది. కొయ్య వైపు అంచుకు మందపాటి ఖద్దరుతో గొట్టంలా కుట్టి, అందులోంచి తాడు పోనిస్తారు. పైకొనకు ఒక చిన్న కొయ్య ముక్క బిగిస్తారు. ఎగరేసే తాడు ఉచ్చులో ఆ కొయ్య ముక్క అడ్డంగా పడి పట్టుకుంటుంది. జెండా తలకిందులు కాకుండా కాపాడేది కూడా అదే, ఎందుకంటే అది ఉండే కొన ఎప్పుడూ కాషాయం పక్కే. ఎండకు, ఉతుకుకు రంగు దిగుతుందో లేదో కూడా పరీక్షిస్తారు. 2021 డిసెంబరులో జెండా నియమావళి సవరించి పాలియెస్టర్ గుడ్డకూ, యంత్రం మీద చేసినవాటికీ అనుమతి ఇచ్చారు. చేనేత ఖద్దరు జెండా చేసేవారి నేర్పు దానివల్ల ఏమీ తగ్గలేదు. వాళ్లకు పని దొరుకుతూ ఉండేలా చూడటం మన బాధ్యత.

వెంకయ్య గారు జెండాతో ఆగలేదు. ఆయన చేతిలో పడ్డ ప్రతి విషయాన్నీ మూలం దాకా తవ్వారు. 1913లో బాపట్లలో జపాన్ భాషలో ప్రసంగించి ‘జపాన్ వెంకయ్య’ అయ్యారు. నెల్లూరులో ఏళ్ల తరబడి ఉండి అభ్రకం మీద పరిశోధన చేశారు. వజ్రకరూరు ప్రాంతపు వజ్రాల మీద పనిచేసి ‘డైమండ్ వెంకయ్య’ అనిపించుకున్నారు, వజ్రం పుట్టే తల్లిరాయి గురించి పుస్తకం రాశారు. ఒక మనిషికి ఇన్ని పేర్లు రావడం చంచలత్వమని ఎవరైనా అనుకోవచ్చు. నాకు మాత్రం వాటన్నిటిలో ఒకే పద్ధతి కనబడుతుంది. నగ చూసి ఊరుకోకుండా రాయి దగ్గరికి వెళ్లారు, గుడ్డ చూసి ఊరుకోకుండా విత్తనం దగ్గరికి వెళ్లారు. వేరే దేశాల జెండాలు చూసి ముచ్చటపడటంతో ఆగకుండా, అవి ఎందుకలా ఉన్నాయో తెలుసుకోవడానికి కూర్చున్నారు.

ఇంత చేసిన మనిషి చివరి రోజులు ఇబ్బందుల్లో గడిచాయి. సైన్యంలో పనిచేసినందుకు ప్రభుత్వం విజయవాడ చిట్టినగర్‌లో ఇచ్చిన స్థలంలో గుడిసె వేసుకుని ఉన్నారు. జెండా ఆయనకు ఏమీ ఇవ్వలేదు. తల దాచుకోవడానికి జాగా ఇచ్చింది పడుచుతనంలో చేసిన సిపాయి కొలువు. 1963 జనవరి 15న ఇంజనీరు కె.ఎల్. రావు గారితో పాటు కొందరు పెద్దలు విజయవాడలో ఆయన్ని సత్కరించి, కొంత నిధి అందజేశారు. ఆ జూలై 4న ఆయన కన్నుమూశారు. తన దేహం మీద త్రివర్ణ పతాకం కప్పమని, శ్మశానం చేరాక దాన్ని తీసి అక్కడి రావిచెట్టుకు కట్టమని ముందే చెప్పుకున్నారు. ఆ కోరికలో కూడా పనివాడి జాగ్రత్త ఉంది. జెండా కాలిపోకూడదు, నేల మీద పడకూడదు, ఎత్తున ఉండాలి. సిపాయి నేర్చుకున్న మర్యాద ఆయన్ని ఆఖరి దాకా వదల్లేదు.

తరువాత గౌరవాలు వచ్చాయి. 2009లో తపాలా బిళ్ల వేశారు, విజయవాడ ఆకాశవాణి కేంద్రానికి ఆయన పేరు పెట్టారు, ఊరూరా విగ్రహాలు లేచాయి. అవి అవసరమే. అయితే పనిమంతుడికి దండ కన్నా పెద్ద గౌరవం ఆయన పనిని అర్థం చేసుకోవడం. నేటి జెండా అచ్చంగా వెంకయ్య గారు గీసినదే అనడం చరిత్రకు సరిపోదు. రంగులు మారాయి, వరస మారింది, గుర్తు మారింది. గాంధీజీ, హన్స్‌రాజ్, పట్టాభి, రాజ్యాంగ సభ, ఇందరి ఆలోచన అందులో ఉంది. అయినా మార్చిన ప్రతివారూ ఆయన పరిచిన మూడు సమాన అడ్డపట్టీల మీద, మధ్యన ఒక చక్రం చుట్టూనే పనిచేశారు. గట్టి పునాది వేసిన మేస్త్రీకి దక్కే గౌరవం అదే. మీద ఎవరెన్ని మార్పులు చేసినా, వాటన్నిటినీ ఆయన పునాది మోస్తూనే ఉంటుంది.

అందుకే కృష్ణా తీరపు బడుల్లో ఆగస్టు 2న ఆయన పటానికి పూలదండ వేశాక ఇంకొక పని కూడా చేయించాలని నా కోరిక. పిల్లల చేతికి వృత్తలేఖిని, స్కేలు ఇచ్చి, 3:2 కొలతలో జెండా గీయించాలి. వృత్తం మీద ఆరు అడుగులు వేయించి, రెండుసార్లు సగం చేయించి, ఇరవై నాలుగు ఆకులూ వాళ్ల చేతే లెక్కపెట్టించాలి. పట్టీలు అడ్డంగా ఎందుకున్నాయో, తెలుపు మధ్యకు ఎందుకొచ్చిందో, రాట్నం పోయి చక్రం ఎందుకు మిగిలిందో వాళ్లనే అడిగి చెప్పించాలి. ఆ గీతలు గీసిన పిల్లలకు మూడు గంటల్లో జెండా తయారుచేయడం ఎంత పెద్ద పనో, దాని వెనక ఎంత సాధన ఉందో ఎవరూ వేరే చెప్పక్కర్లేదు.